పిల్లనగ్రోవి తగాదా

మా ఆయన గల్ఫ్ కొలువు వదిలేసి కోరుట్లకు వచ్చేశాక, మొదట్లో కొన్ని నెలలు నేను మనిషితో కాదు, ఒక వైరుతో సంసారం చేశాను. పొద్దున చాయ్ తాగేటప్పుడు చెవిలో వైరు. పేపరు చదివేటప్పుడు వైరు. కూరగాయలు తెమ్మని సంచి చేతికిస్తే, సంచితో పాటు వైరూ బయటికి పోయేది. చొక్కా జేబులో ఫోను, ఫోనులోంచి పైకి పాకి ఎడమ చెవిలో దూరిన తెల్ల తీగ. రెండో తీగ మాత్రం ఎప్పుడూ ఛాతీ మీద వేలాడుతూ ఉండేది. కుడి చెవి ఖాళీగా ఉంచుకునేది నా మాటలు వినడానికేనని నేను అనుకున్నాను. ఇన్నేళ్లకు ఆ మాత్రం మర్యాద నేర్చుకున్నాడని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆయన పాటలు వినడం మీద నాకేం కోపం లేదు. ఒక్కడే వినడం మీదే కోపం. రెండేళ్లకోసారి వచ్చి, రెండు నెలలుండి, మళ్లీ పెట్టె కట్టుకునే మనిషి ఆయన. ఆ మధ్యకాలమంతా ఇల్లు కట్టించింది నేను, మేస్త్రీలతో గొడవపడింది నేను, అత్తమ్మను దవాఖానాకు తిప్పింది నేను, బిడ్డను చదివించింది నేను, ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెబుతూ గొంతు చించుకున్నది నేను. ఇక మనిషి వచ్చేశాడు కదా, సాయంత్రం బడి నుంచి వచ్చాక ఇద్దరం ఒక గదిలో కూర్చుని ఒకే పాట విందాం అనుకున్నాను. అంతకన్నా పెద్ద కోరికేం కాదు. కానీ ఆయనింకా గల్ఫ్‌లోని పనివాళ్ల క్యాంపులోనే ఉన్నాడు. గదినిండా మంచాలున్న చోట పక్కవాడికి ఇబ్బంది కాకుండా వినడం నేర్చిన మనిషి, సొంత ఇంటి హాల్లో కూడా పక్కవాడికి ఇబ్బంది కాకుండా వింటున్నాడు. ఇక్కడ ఆ పక్కవాడిని నేను.

ఒకరోజు మొహం మీదే అడిగేశాను. బిడ్డ చదువుకున్న కంప్యూటర్ లోపలి గదిలో ఖాళీగానే ఉంది, దానికి రెండు స్పీకర్లు కూడా ఉన్నాయి, అందులో పెట్టుకుని వినరాదా అన్నాను. బిడ్డ చదువు అయిపోయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఆ కంప్యూటర్ మీద అత్తమ్మ మిరపకాయలు ఆరబెట్టడం ఒక్కటే తక్కువ.

"దాంట్ల గరగర అస్తది," అన్నాడాయన. "పాట పాటలెక్క ఉండది."

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను సిరిసిల్లలో సాంచెల మధ్య పెరిగినదాన్ని. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఆ చప్పుడు మీద గొంతెత్తి గెలవకపోతే మా ఇంట్లో కూర రెండోసారి వడ్డించేవాళ్లు కాదు. అందుకే నా గొంతు పెద్దది, వాదన అంతకన్నా పెద్దది. ఎవరైనా ఒకటి కాదంటే, ఎందుకు కాదో తేలేదాకా నాకు అన్నం సయించదు. కంప్యూటర్లో పాట పాటలా ఉండదట. ఫిజిక్స్ డిగ్రీ ఉన్నదాన్ని పట్టుకుని అనే మాటేనా అది.

సరే, చూద్దామని వెళ్లి స్పీకర్లు పెట్టాను. గరగర నిజమే. పాట పెట్టకముందే గుయ్యిమని ఒక మోత. తేనెటీగను డబ్బాలో బంధించినట్టు. కాళ్లకు చెప్పుల్లేకుండా సీపీయూ డబ్బాను ముట్టుకుంటే వేళ్లు జిల్లుమన్నాయి. అప్పుడర్థమైంది, రోగం కంప్యూటర్‌ది కాదు, ఇంటిది. ఎర్త్ సరిగ్గా లేదు. వెనక స్నానాలగది గోడ పక్కన ఇల్లు కట్టినప్పుడు తీసిన ఎర్త్ గుంత ఎండి రాయిలా ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి వైరు గట్టిగా బిగింపజేశాను, గుంతలో ఉప్పూ బొగ్గూ పోయించి నీళ్లతో తడిపాను.

అత్తమ్మ ఇదంతా అరుగు మీద కూర్చుని చూసింది. పాటలకు ఉప్పునీళ్లేంది పిల్లా అని అడిగింది. భూమిలో తడి ఉంటేనే కరెంటు కుదురుగా ఉంటుందని చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదుగానీ, మర్నాటి నుంచి పొద్దున్నే మల్లెచెట్టుకు నీళ్లు పోసి, మిగిలిన చెంబు తీసుకెళ్లి ఆ గుంతలో పోయడం మొదలుపెట్టింది. మా ఇంట్ల కంప్యూటర్ నీళ్లు తాగుతదని పక్కింటివాళ్లకు చెప్పింది కూడా. వాళ్లు నమ్మారు. మా అత్తమ్మ ఏది చెప్పినా నమ్మేలా చెబుతుంది. ఆమె కొడుక్కి ఆ విద్య రాలేదు.

మోత పోయింది. ఆయనను పిలిచాను. గడప దగ్గర నిలబడి, వైరు ఎడమ చెవిలోనే ఉంచుకుని, కుడి చెవితో విన్నాడు. గరగర పోయింది గని ఫ్యాను సప్పుడు ఉన్నది అని చెప్పి హాల్లోకి వెళ్లిపోయాడు.

ఫ్యాను చప్పుడూ నిజమే. కోపమొచ్చేది అందుకే, ఆయన అబద్ధం చెప్పడు. ఆదివారం పూట డబ్బా విప్పాను. లోపల దూది పరుపు కుట్టేంత దుమ్ము, ఓ మూల బల్లిగుడ్డు పెంకులు. రంగులేసే కుంచెతో అంతా దులిపాను. పొడుగు వైరు తెచ్చి డబ్బాను బీరువా వెనక నేల మీదికి మార్చాను. ఇప్పుడు ఫ్యాను తిరుగుతోందో లేదో చెయ్యి పెట్టి చూస్తే తప్ప తెలియదు.

తర్వాత బిడ్డకు ఫోన్ చేశాను. లోపలి సెట్టింగులు తనకే తెలుసు. వీడియో కాల్‌లో తెర చూపిస్తే నవ్వడం మొదలుపెట్టింది. చదువుకునే రోజుల్లో సౌండ్ పెద్దగా వినబడుతుందని ఏదో ఆడిటోరియం ఎఫెక్ట్ పెట్టుకుందట, దాన్ని తీయనే లేదు. అంటే మా కంప్యూటర్‌లో ఏ పాటైనా ఫంక్షన్ హాల్లో పెళ్లి బ్యాండు లాగే వస్తుందన్నమాట. అది తీసేశాం. ఆ కింద టిక్కు పెట్టి ఉన్న మరో నాలుగు అలంకారాలూ తీసేశాం. పాట మధ్యలో టింగుమని మెసేజీలు రాకుండా చేశాం. సౌండు నాణ్యత అంకె పైకి పెట్టాం. అంతా అయ్యాక బిడ్డ అంది:

"అమ్మా, నువ్వు పాటలకోసం చేస్తలేవు. బాపుతోని కొట్లాటకు కంప్యూటర్‌ను తయారు చేస్తున్నవు."

రెండూ ఒకటే అని ఫోన్ పెట్టేశాను.

అయినా పాట హాలంతా తిరిగొచ్చినట్టే వినిపిస్తోంది. ఎఫెక్టు తీసేసినా ఫంక్షన్ హాలు పోలేదు. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే గోడలు కూడా తిరిగి చప్పట్లు కొట్టాయి. ఇక ఒప్పుకోక తప్పలేదు. ఫంక్షన్ హాలు మా ఇల్లే. మా వీధిలో గల్ఫ్ పైసలతో కట్టిన ఇళ్లన్నీ ఇంతే. కింద గ్రానైటు, గోడలకు నడుము దాకా టైల్స్, పెద్ద పెద్ద గదులు, గదుల్లో సామాను లేదు. మనిషి తుమ్మితే ఇల్లు రెండోసారి తుమ్ముతుంది. ఆ టైల్స్ ఏరింది నేనే, కాబట్టి ఆ విషయం ఇంట్లో పైకి అనలేదు. గోడలకు మందం బట్ట కావాలి. మందం బట్ట ఎక్కడ దొరుకుతుందో సిరిసిల్ల ఆడబిడ్డకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి ఆదివారం సిరిసిల్ల బస్సెక్కాను. ఎప్పటిలాగే ఎడమ పక్క కిటికీ సీటు. పక్కన ఎవరో పెద్దాయన కూర్చుని కునుకు తీస్తున్నాడు. ఆ సీటు చూస్తే నాకు ఎన్నో ప్రయాణాలు గుర్తొచ్చాయి. మా ఆయన సెలవు మీద వచ్చిన ప్రతిసారీ ఇద్దరం ఇదే బస్సులో మా అమ్మగారింటికి పోయేవాళ్లం. నేను కిటికీ పక్క, ఆయన నా కుడి పక్క. ఇంట్లో అత్తమ్మ ముందు ఒకరి పక్కన ఒకరం కూర్చోవడానికే సిగ్గు, బస్సులో ఎవరు చూస్తారు. ఒకే వైరు, ఒక తీగ ఆయనకు, ఒకటి నాకు. ఆయన లేనప్పుడు ఆ పాటలు నేను పెట్టుకునేదాన్ని కాదు. టైం లేకనే అని మా బడిలో టీచర్లకు చెప్పేదాన్ని. అందులో ఒక యుగళగీతం ఉంది, ఆయనకు ప్రాణం. రెండో చరణం ముందు ఒక పిల్లనగ్రోవి వస్తుంది. వేములవాడ దాటాక పొలాల మీదుగా బస్సు మలుపు తిరిగేటప్పుడు అది సన్నగా లేచి, బస్సు హారన్ కూడా సిగ్గుపడి ఆగిపోయినట్టు ఉండేది. కంప్యూటర్ బాగయ్యాక మొదట పెట్టేది ఆ పాటే అని ఆ బస్సులోనే అనుకున్నాను.

మా తమ్ముడి భార్య బొంతలు తీసి ఇస్తూ, ఎండలు ముదిరినంక బొంతలెందుకు వదినె అని అడిగింది. మా గోడలకు చలి పెడుతోందని చెప్పాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి మరో రెండు కలిపి ఇచ్చింది. సాంచెల దగ్గర మిగిలిన తుండు బట్టలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలవి, ఒక్కోటి మనిషంత బరువు. కండక్టర్ వాటికి టికెట్ కొట్టాలా వద్దా అని నాతో వాదించి ఓడిపోయాడు.

బొంతలు గోడలకు వేలాడదీశాక చప్పట్లు కొట్టి చూశాను. గోడలు నోరు మూసుకున్నాయి. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం, లోపల ఆరేస్తున్నరేంది, బయట ఎండ లేదా అని అడిగిపోయారు.

ఆయన మళ్లీ గడప దగ్గరికి వచ్చాడు. మంచిగనే ఉన్నది గని, సన్న సన్న సప్పుళ్లు సాఫ్‌గ లెవ్వు అన్నాడు. ఆ 'గని' అనే మాటను ఆయన నోట్లోంచి పీకి ఎర్త్ గుంతలో పాతిపెట్టాలనిపించింది.

ఇక జగిత్యాల పోయాను. కంప్యూటర్‌లో సౌండు ముక్క చవకది, దాని బదులు బయట తగిలించే చిన్న డబ్బా దొరుకుతుందని బిడ్డ చెప్పింది. షాపతను నాకు రంగురంగుల లైట్లు వెలిగే డబ్బా చూపించి, ఇది పెడితే ఇల్లే థియేటర్ అన్నాడు. నాకు థియేటర్ వద్దు, పాట కావాలి అన్నాను. లైట్లకూ సౌండుకూ ఏం సంబంధమో చెప్పమన్నాను. దాని లోపల ఏముందో చెప్పమన్నాను. ఎక్కువ బాస్ ఉంటే ఎక్కువ మంచిదని ఎవరు చెప్పారో చెప్పమన్నాను. అతను చాలాసేపు ఓపిక పట్టి అడిగాడు:

"మేడం, మీరు ఏ బళ్లె చెప్తరు?"

"ఎందుకు?"

"మా పిలగాన్ని ఆ బడికి పంపద్దని."

నాకు ఆ మాట నచ్చింది. అతని దగ్గరే కొన్నాను, లైట్లు లేనిది.

చివరికి మిగిలింది పాటలు. ఆయన పాటలన్నీ ఒక మెమరీ కార్డులో ఉన్నాయి. సెలవు అయిపోయి తిరిగి వెళ్లే ముందు కోరుట్ల బస్టాండు దగ్గర ఫోన్ల షాపులో కార్డు నిండా పాటలు ఎక్కించుకుని పోవడం ఇక్కడ అందరూ చేసే పనే. పచ్చడి సీసా, కారప్పొడి, పాటల కార్డు. ఎక్కువ పాటలు పట్టాలని షాపువాళ్లు ఒక్కోదాన్నీ పిండి పిండి పిప్పి చేసి ఎక్కించేవాళ్లు. ఆయనకిష్టమైనవన్నీ పిండని పాటలుగా మళ్లీ కొని కంప్యూటర్‌లో పెట్టాను. స్పీకర్లను ఎడం చేసి చెవి ఎత్తుకు పీటలు వేశాను. రెంటి నుంచీ దారం కొలిచి, మూడు పక్కలూ సమానం వచ్చే చోట ఒక కుర్చీ వేశాను. అక్కడ కూర్చుంటే పాట ఎదురుగా నిలబడి పాడినట్టు ఉంటుంది. నేను కూర్చుని చూడలేదు. మొదట ఆయనే కూర్చోవాలని ఆగాను.

మరో ఆదివారం మధ్యాహ్నం ఆయనను పిలిచి, వైరు తీయించి, ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. మంగలి షాపులో కూర్చున్నట్టు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పాట మొదలైంది. ఆయన భుజాలు మెల్లగా దిగాయి. మొదటి చరణం అయ్యేసరికి కళ్లు మూసుకున్నాడు. ఇక గెలిచాననే అనుకున్నాను. అప్పుడు పిల్లనగ్రోవి వచ్చింది.

ఆయన ఉలిక్కిపడి కుడి పక్కకు తిరిగాడు. పిలవని చుట్టం ఎవరో గదిలోకి వచ్చినట్టు ఆ కుడి స్పీకర్‌నే చూస్తూ ఉండిపోయాడు.

"బందు చెయ్యి," అన్నాడు. "గిది ఆ పాట కాదు."

అదే పాట అన్నాను. కాదన్నాడు. అవే గొంతులు, అవే మాటలు, ఏం కాదో చెప్పమన్నాను.

"గీ పిల్లనగ్రోయి ఎవడు కలిపిండు? ఆ పాటల పిల్లనగ్రోయి లేదు. ఇన్నేండ్ల సంది ఇంటున్న, నాకు తెల్వదా?"

"ఇన్నేండ్ల సంది నేను గూడ ఇన్న. ఉన్నది."

"లేదంటున్న గదనే."

ఇంత పని చేశాక, బొంతలు మోశాక, గుంతలో ఉప్పు పోయించాక, లేని పిల్లనగ్రోవిని నేను పెట్టించానట. కొత్తగా ఎవరో కలిపి అమ్ముతున్నారు, నువ్వు మోసపోయినవ్ అని కూడా అన్నాడు. నేను మోసపోవడమా. నా గొంతు సిరిసిల్ల ఎత్తుకు పోయింది. ఆయన ఫోను తీసి, పాత కార్డులోని ఆ పాటే పెట్టి, వైరు ఎడమ చెవిలో పెట్టుకుని, ఆ చోటు వచ్చేదాకా విని, తీర్పు చెప్పే పెద్దమనిషిలా తలెత్తాడు.

"లేదు. చూసినవా?"

"నువ్వు ఇంటుంటె నేనెట్ల చూస్త?" అని, ఛాతీ మీద వేలాడుతున్న రెండో తీగను లాక్కుని నా చెవిలో పెట్టుకుని మళ్లీ వెనక్కి జరిపించాను. వచ్చింది. సన్నగా, పిప్పి చేసిన పాటే అయినా, వేములవాడ మలుపంత స్పష్టంగా.

"గిదే గదా. ఉన్నది."

"ఏడున్నది? లేదు."

ఒకే ఫోను, ఒకే వైరు, ఒకే పాట. ఇద్దరం చెరో కొస పట్టుకుని, ఒకరు ఉందని ఒకరు లేదని. అత్తమ్మ గడప దగ్గరికి వచ్చి కాసేపు చూసి, ఉన్నదంటె ఉన్నదనరాదు కొడుకా, అన్నం సల్లారుతున్నది అని వెళ్లిపోయింది.

నేను నా చెవిలోది పీకి ఆయన చెవిలో పెట్టాను. ఆయనది తీసి నేను పెట్టుకున్నాను. మళ్లీ వెనక్కి జరిపాం.

ఆయన ఆ తీగను వేలితో చెవిలోకి నొక్కి పట్టుకున్నాడు. పెదవి కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇటు నా చెవిలో పిల్లనగ్రోవి లేదు. ఆ చోట ఎవరో మెట్లు దిగుతున్నట్టు గజ్జెల చప్పుడు ఒకటి నడిచి వెళ్లింది. అది నేను జన్మలో వినలేదు.

"గజ్జెలున్నయి," అన్నాను.

"గజ్జెలు మొదటిసంది ఉన్నయి," అన్నాడు, అదేం పెద్ద సంగతి కానట్టు.

బళ్లో పిల్లలకు ధ్వని పాఠం చెప్పేదాన్ని. ఒక పాటలో రెండు పక్కలుంటాయని, ఒక తీగలో వచ్చేది ఇంకో తీగలో రాకపోవచ్చని నాకు తెలియక కాదు. మా ఆయన ఇన్నేళ్లూ ఒక్క పక్కే విన్నాడన్నదే తెలియదు. ఎప్పుడూ ఎడమ చెవిలోనే ఎందుకు పెట్టుకుంటావని అడిగాను. బస్టాండుకు దారి చెప్పినట్టు చెప్పాడు:

"అక్కడ బండికి స్టీరింగు ఎడమ దిక్కుంటది. ఫోర్మన్ నా కుడి పక్కన కూసుంటడు. కుడి చెవుల పెడితె చూస్తడు. ఎడమ చెవి కిటికి దిక్కు, ఎవలకు కనవడది."

ఆయన కంపెనీ పికప్ నడిపేవాడని నాకు తెలుసు. ఎండలో, ఇసుకలో, సైట్ల మధ్య రోజంతా. ఆ పక్కన కూర్చునేవాడి గురించి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మరి క్యాంపులో అన్నాను. ఎవరన్నా పిలుస్తారని ఆ చెవి ఖాళీ ఉంచేవాడట.

"మరి ఇక్కడెవలు పిలుస్తరు?"

"నువ్వు పిలువవా? పిలువకుంట ఊకుంటవా?"

అదొక్కటీ నేను ముందే కరెక్టుగా అనుకున్నాను.

బస్సు సంగతి చెబితే ఆయనకూ గుర్తొచ్చింది. నా కుడి పక్కన కూర్చునేవాడు కాబట్టి ఆయన ఎడమ చెవికి ఒకటి, నా కుడి చెవికి ఒకటి. సిరిసిల్ల దాకా ఒక్క పాటను చెరి సగం పంచుకుని, ఇద్దరం పూర్తిగా విన్నామనే అనుకున్నాం. రెండు నెలలకోసం వచ్చిన మనిషితో పిల్లనగ్రోవి బాగుంది కదా అని ఎవరంటారు. అనాల్సిన వేరే మాటలుండేవి.

ఆ రోజు నుంచి వైరు డ్రాయర్‌లో ఉంది. ఆయన బకాయిలు వసూలు చేసుకునేవాడిలా ఒక్కో పాటా మొదటి నుంచి వింటున్నాడు. రెండు పక్కలా ఒకేలా వచ్చే పాటలుంటే మోసపోయినట్టు మొహం పెడతాడు. దీంట్ల నాకు కొత్తగ ఏం లేదు అంటాడు. ఒక పాటలో కుడి పక్కన కోరస్ ఆడపిల్లల గుంపే ఉందని తెలిసినరోజు, వంటింట్లో ఉన్న నన్నూ, గుంత దగ్గర చెంబుతో ఉన్న అత్తమ్మనూ పిలిచి వినిపించాడు. అత్తమ్మ విని, నేను నీళ్లు పోసినందుకే అంది. ఆ మాటను కాదనే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఒక్క చిక్కు మిగిలింది. దారం లెక్క ప్రకారం ఆ గదిలో మంచి చోటు ఒక్కటే, కుర్చీ ఒక్కటే పడుతుంది. ఇద్దరం ఎలా వింటాం? ఒకరి వెనక ఒకరు కూర్చుని చూశాం. నీ కొప్పును చూసుకుంట పాట ఇనుడేంది అన్నాడు. వంతులు వేసుకుని చూశాం, అది మళ్లీ క్యాంపు లెక్కే అయింది. చివరికి రెండు కుర్చీలు పక్కపక్కనే వేశాను. అలవాటుగా నేను వెళ్లి ఎడమ దాంట్లో కూర్చున్నాను, అటే కిటికీ కూడా ఉంది. ఆయన వచ్చి నా కుడి పక్కన కూర్చున్నాడు. ఫిజిక్స్ ప్రకారం ఇద్దరివీ తప్పు చోట్లే. ఆయనకు కుడి స్పీకర్ దగ్గర, నాకు ఎడమది. పాట ఇద్దరికీ చెరోవైపు ఒరిగి వస్తుంది. సరిచేద్దామని దారం చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాను.

రెండో చరణం ముందు పిల్లనగ్రోవి ఆయన భుజం పక్కనే లేచింది. మోచేత్తో నన్ను పొడిచి, అచ్చింది అన్నాడు. నాకు ఎన్నడో ఎరుకే అన్నాను. ఈలోగా నా పక్కన గజ్జెలు మెట్లు దిగడం మొదలుపెట్టాయి. అవి ఎంత దగ్గరగా ఉన్నాయో, ఇన్నాళ్లూ ఆయన ఒక్కడే ఎట్లా వింటూ కూర్చున్నాడో, ఆ ఫోర్మన్‌కు ఒకసారైనా అనుమానం రాలేదా, అన్నీ అప్పుడే అడగాలనిపించి అడిగేశాను.

"జర సప్పుడు చెయ్యకు," అన్నాడాయన, కళ్లు తెరవకుండానే. "ఇంట్ల ఇంత గరగర పెట్టుకొని కంప్యూటర్‌ను అంటిని."